పెరటి కోళ్లకి గుడ్ల పెట్టె: ఎక్కడ పెట్టాలి, ఎలా కట్టాలి

"మా పెట్ట గుడ్లెట్టడం మానేసిందమ్మా" అని ఊళ్లో ఎవరైనా అంటే, నూటికి తొంభై పాళ్లు అది మానెయ్యలేదనే అనుకోవాలి. కట్టెల మోపు వెనకో, పశువుల సాలలో గడ్డి చాటునో, పాత నాగలి పడేసిన మూలనో పెడుతూనే ఉంటుంది. వాటిలో సగం ముంగిసకి, మిగతా సగం కాకులకి పోతాయి. పుష్టిగా తిని తిరిగే పెట్ట గుడ్డు ఇంట్లోకి రాలేదంటే, దానికి నచ్చిన చోటు మన దొడ్లో మనం చూపించలేదన్నమాట. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో పది కోళ్లలోపు పెంచుకునే ఇంటివాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ఒక ప్లైవుడ్ షీటు, ఒక రోజు పని ఉంటే చాలు. డబ్బు పెట్టలేకపోతే పాత బకెట్లతోనూ పని అవుతుంది, ఆ సంగతీ చెబుతాను.

మొదట పెట్టని గమనించండి

రంపం పట్టుకోకముందు రెండు మూడు రోజులు పొద్దున్న పూట పెట్ట వెనకాల ఒక కన్నేసి ఉంచండి. కోళ్లు ఎక్కువగా మధ్యాహ్నంలోపే గుడ్డు పెడతాయి. గుడ్డు మీదున్న పెట్ట తిండి మీద ధ్యాస లేకుండా తిరుగుతుంది, సన్నగా గొణుగుతుంది, మూలమూలలా తల దూర్చి చూస్తుంది. అది ఆఖరికి ఎక్కడ కూర్చుంటుందో చూడండి. గుడ్డు పెట్టాక అరిచే అరుపుని నమ్ముకుంటే దారి తప్పుతాం, ఎందుకంటే చాలా పెట్టలు గూటి నుంచి కొంత దూరం వచ్చాకే గొంతెత్తుతాయి.

అది ఎంచుకున్న చోటు దగ్గర వంగి చూస్తే మీకే తెలుస్తుంది. అక్కడ వెలుతురు తక్కువ. ఒంటికి మూడు వైపులా ఏదో ఒకటి తగిలేంత ఇరుకు. కింద పొడి. మనుషులు, కుక్కలు తిరిగే దారి కాదు. మీరు కట్టబోయే పెట్టెకి కావలసిన కొలతలు, దిక్కు, ఎత్తు అన్నీ ఇందులోంచే వస్తాయి. ఈ నాలుగూ లేని పెట్టె ఎంత అందంగా చేయించినా అందులో పెట్ట అడుగుపెట్టదు.

ఎన్ని అరలు, ఎంత పెద్దవి

నాలుగు పెట్టలకి ఒక అర చొప్పున లెక్క వేసుకోండి. మూడే పెట్టలున్నా రెండు అరలు ఉండాలి, ఒకటి లోపల కూర్చున్నప్పుడు ఇంకొకటి ఆగలేక బయట పెట్టేస్తుంది కాబట్టి. మూడు అరలు కడితే మూడూ ఒకే అర కోసం కొట్టుకోవడం, వరసలో నిలబడటం కూడా చూస్తారు. అది మామూలే, కంగారు పడొద్దు.

నాటు పెట్టకి అడుగు వెడల్పు, అడుగు లోతు సరిపోతుంది. ఇంకా పెద్దది చేస్తే సుఖంగా ఉంటుందని అనిపిస్తుంది కానీ, అప్పుడు రెండేసి పెట్టలు ఒకే అరలో దూరి గుడ్లు తొక్కి పగలగొడతాయి. రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ తయారుచేసిన వనరాజా, గ్రామప్రియ కోళ్లున్నవాళ్లకీ ఇదే కొలత నడుస్తుంది, వనరాజా కొంచెం బరువుగా ఉంటుంది కాబట్టి ఓ అంగుళం పెంచినా తప్పులేదు. అసీల్ పెట్టలుంటే 14 అంగుళాలు ఇవ్వండి.

జాతిని బట్టి ఇంకో తేడా కూడా ఉంది. గ్రామప్రియని గుడ్ల కోసమే తీర్చారు, అది పొదుగుకి కూర్చోవడం అరుదు. నాటు పెట్ట అలా కాదు. పన్నెండో పదిహేనో గుడ్లు పెట్టి పొదుగుకి వచ్చేస్తుంది. అలాంటి పెట్టలున్న ఇంట్లో గుడ్లు పెట్టే అరలు వేరు, పొదిగే చోటు వేరు ఉండాలి. దాని గురించి చివర్లో చెబుతాను.

చోటు

పెట్టె అడుగు నేల నుంచి అడుగున్నర, రెండడుగుల ఎత్తులో ఉండాలి. నేల మీద పెడితే చెమ్మ, చీమలు, పందికొక్కులు. మరీ ఎత్తులో పెడితే బరువు కోళ్లు ఎగరలేక మానేస్తాయి.

ఎత్తు విషయంలో చాలామంది మరిచిపోయేది ఇంకోటుంది. కోడి రాత్రి పడుకోవడానికి ఉన్నవాటిలో ఎత్తైన చోటు వెతుక్కుంటుంది. పెట్టె ఎత్తుగా ఉండి, పడుకునే కర్ర కిందికి ఉంటే, కోళ్లన్నీ రాత్రి పెట్టెలోనే పడుకుని పొద్దున్నకి రెట్టతో నింపుతాయి. ఆ రెట్టలో పెట్టిన గుడ్డు ఎవరికీ పనికిరాదు. అందుకని పడుకునే కర్రని పెట్టె ముందుండే కర్ర కంటే కనీసం అడుగు ఎత్తులో కట్టండి, పెట్టె నెత్తిన కాకుండా పక్కకి జరిపి. లావు సరుగుడు కర్ర దీనికి బాగుంటుంది, మన సముద్రతీర మండలాల్లో అది ఎక్కడైనా దొరుకుతుంది.

పెట్టె నోరు పడమటికి పెట్టకండి. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం ఎండ నేరుగా లోపల పడితే పెట్ట నోరు తెరిచి రొప్పుతూ గుడ్డు పెట్టాలి, లేదా నీడ చూసుకుని ఇంకోచోటికి పోవాలి. మీ ఇంటికి జల్లు ఏ వైపు నుంచి కొడుతుందో చూసుకుని ఆ వైపుకీ నోరు పెట్టొద్దు. తుపాను రోజుల్లో తీరం పక్క ఊళ్లకి సముద్రం వైపు గాలి ఎలా ఉంటుందో 2018 అక్టోబర్‌లో తిత్లీ చూసిన ఉద్దానం వాళ్లకి చెప్పక్కర్లేదు. గోడకి ఆనించి, చూరు కింద బిగిస్తే సగం బాధ తీరుతుంది. రెండు మేకులకి వేలాడదీసిన పెట్టె ఆ గాలికి నిలవదు.

దేనితో చెయ్యాలి

కలప అన్నిటికంటే మంచిది, చలికి చల్లబడదు, ఎండకి కాలిపోదు. పండ్ల పెట్టెల చెక్కలు, పాత తలుపు చెక్కలు, ఉద్దానంలో అయితే పనస చెక్క ముక్కలు ఏవైనా సరే. కొత్తగా కొనేట్టయితే 12 ఎంఎం వాటర్‌ప్రూఫ్ ప్లైవుడ్ ఒక షీటు.

రేకు మాత్రం వద్దు. పాత నూనె డబ్బాలని పడుకోబెట్టి గూడు చెయ్యమని చెప్పేవాళ్లున్నారు. 15 కేజీల డబ్బా నోరు అడుగు కూడా ఉండదు, ఎండాకాలం లోపల కూర్చున్న జీవం ఉడికిపోతుంది, కోసిన అంచు కాళ్లని చీరుతుంది.

ఖర్చు లేకుండా కావాలంటే 20 లీటర్ల పెయింటు బకెట్ తీసుకోండి. శుభ్రంగా కడిగి, వాసన పోయేదాకా ఎండబెట్టి, పడుకోబెట్టండి. మూతని కోసి కింది భాగం నాలుగు అంగుళాలు అడ్డుగా మిగిల్చి మళ్లీ బిగించండి. వెనక, పైన గాలికి బెజ్జాలు పెట్టండి. దొర్లకుండా రెండు పక్కలా రీపరు ముక్కలు కొట్టండి. నీడలో ఉంచితే నాటు పెట్టలకి ఇది హాయిగా సరిపోతుంది. సంతలో మేదరివాళ్ల దగ్గర కొన్న వెదురు తట్ట కూడా పనికొస్తుంది, కాకపోతే వెదురు అల్లిక సందుల్లో పేలు చేరితే తీయడం చాలా కష్టం. దాన్ని నేను పొదుగు కాలానికే వాడతాను, పని అయ్యాక కాల్చేయొచ్చు కాబట్టి.

మూడు అరల పెట్టె: కోత, బిగింపు

8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు ప్లైవుడ్ షీటు ఒకటి చాలు. అంగుళాల్లో ఈ ముక్కలు గీసుకోండి.

అడుగు చెక్క: 38 × 12
వెనక చెక్క: 38 × 26½
ముందు అడ్డు చెక్క: 38 × 4
పైకప్పు: 40 × 19
అడ్డగోడల కోసం: 40 × 12 ముక్కలు రెండు

షీటు ఒక చివర 40 అంగుళాల మేర వెనక చెక్కనీ పైకప్పునీ ఒకదాని పక్కన ఒకటి గీయండి. ఆ పక్క 40 అంగుళాల్లో మిగతావన్నీ పడతాయి. ఇంకా ఓ ముక్క మిగులుతుంది, అది గుంజల మీద ఆనించే బద్దలకి ఉపయోగించుకోవచ్చు.

అడ్డగోడల కోత ఒక్కటే జాగ్రత్తగా చెయ్యాలి. 40 × 12 ముక్కని నిలువుగా పెట్టుకుని, ఎడమ అంచు మీద కింద నుంచి 26 అంగుళాల దగ్గర, కుడి అంచు మీద కింద నుంచి 14 అంగుళాల దగ్గర గుర్తు పెట్టండి. ఆ రెండు గుర్తుల్నీ కలుపుతూ ఏటవాలుగా కోస్తే సమానమైన రెండు ముక్కలు వస్తాయి. ప్రతి ముక్కా ఒక పక్క 26, ఇంకో పక్క 14 అంగుళాలు ఉంటుంది. రెండో చెక్కనీ అలాగే కోస్తే మొత్తం నాలుగు. రెండు చివరలకి, రెండు మధ్యకి. వడ్రంగి చేత చేయిస్తున్నా ఈ గీత దగ్గరుండి గీయించండి, కంటిచూపుతో కోస్తే పైకప్పు సరిగ్గా కూర్చోదు.

ఆ ఏటవాలు ఊరికే అందం కోసం కాదు. 12 అంగుళాల లోతులో 12 అంగుళాలు దిగే కప్పు మీద కోడి కాలు నిలవదు, జారిపోతుంది. కప్పు చదునుగా ఉంటే అదే వాటికి పడకమంచం అవుతుంది.

బిగింపు ఇలా. అడుగు చెక్క మీద నాలుగు అడ్డగోడల్నీ, పొడుగు పక్క వెనక్కి, పొట్టి పక్క ముందుకి వచ్చేలా నిలబెట్టండి. ప్రతి అర లోపల సరిగ్గా 12 అంగుళాలు ఉందో లేదో కొలిచి, కింద నుంచి స్క్రూలు వేయండి. మేకులకంటే స్క్రూలు మంచివి, తర్వాత విప్పి కడుక్కోవచ్చు. వెనక చెక్క బిగించండి. ముందు కింద నాలుగు అంగుళాల అడ్డు చెక్క వేయండి. ఇది ఈ పెట్టెకి గడప. గడ్డి బయటికి రాలకుండా, గుడ్డు దొర్లిపడకుండా కాపాడేది ఇదే. దాని మీద పది అంగుళాల ఎత్తు నోరు మిగులుతుంది, పెట్ట దూరడానికి చాలు. చివరిగా పైకప్పుని వెనక అంచున రెండు మడతబందులతో కలపండి, పైకి ఎత్తే మూతలా. పక్కన ఓ గడియ పెట్టండి, లేకపోతే పిల్లులు ఎత్తడం నేర్చుకుంటాయి.

గడప ముందు ఆరంగుళాల దూరంలో, అదే ఎత్తులో, రెండంగుళాల రీపరు అడ్డంగా కట్టండి. పెట్ట ఎగిరి దాని మీద వాలి, లోపలికి చూసుకుని, అప్పుడు దూరుతుంది. ఇది లేకపోతే నేరుగా గుడ్ల మీద దూకుతుంది. అడుగు చెక్కకి ప్రతి అరలోనూ నాలుగు చిన్న బెజ్జాలు వేయండి, అడ్డగోడల పైభాగంలో గాలికి రెండేసి. చెక్క అంచులన్నీ గరుకు కాగితంతో రుద్దండి. రంగు వేసేట్టయితే బయట మాత్రమే వేయండి, వాసన పూర్తిగా పోయాకే కోళ్ల దగ్గర పెట్టండి.

ఇటుక గోడకి ఎల్ బ్రాకెట్లతో బిగించొచ్చు. మట్టిగోడ అయితే నాలుగు సరుగుడు గుంజలు పాతి వాటి మీద నిలబెట్టాలి. గుంజల మొదళ్లకి చెద పట్టకుండా పలాస వైపు జీడిపిక్కల నూనె పూస్తారు. బాగా పనిచేస్తుంది కానీ ఒంటికి తగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకండి, భూమిలోకి వెళ్లే భాగానికే పూయండి, పెట్టెకి మాత్రం వద్దు.

నోటికి పై సగం మేర గోనెపట్టా ముక్కని కుచ్చులా చీల్చి వేలాడదీయండి. గోగునార పండే జిల్లాలు మనవి, గోనె కరువుండదు. లోపల చీకటి పెరుగుతుంది, పెట్టలు త్వరగా అలవాటుపడతాయి, గుడ్డు పొడుచుకు తినే అలవాటూ తగ్గుతుంది.

పరుపు

అడుగున అంగుళం మందం పొడి ఇసుక, దాని మీద మూడంగుళాల వరిగడ్డి. గడ్డిని జానెడు ముక్కలుగా నరికి వేయండి, పొడుగ్గా వేస్తే కాళ్లకి చుట్టుకుని పెట్ట బయటికి వచ్చేటప్పుడు గుడ్డు కూడా వచ్చేస్తుంది. ఊక ఒక్కటే వేస్తే రెండు రోజుల్లో గీకి బయట పోసేస్తుంది. ఉద్దానం వాళ్లకి కొబ్బరి పీచు దొరుకుతుంది కదా, బాగా ఎండబెట్టి విడదీసి వాడుకోవచ్చు.

బూజు వాసన వచ్చే గడ్డి ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. ఆ బూజు కోళ్ల ఊపిరితిత్తుల్లో చేరుతుంది, పిల్లలైతే బతకవు. తుపానుకి తడిసిన గడ్డికుప్ప పై పొరలు పశువులకే మంచివి కావు, కోళ్ల పెట్టెలో అసలు వేయకండి. వారానికోసారి గడ్డి మార్చండి, రెట్ట పడితే ఆ పూటే తీసేయండి. గుడ్డు మురికిగా వచ్చాక కడగడం కంటే పరుపు పొడిగా ఉంచడమే మేలు. గుడ్డు పెంకు మీద సహజంగా ఉండే పొర కడిగితే పోతుంది, ఆ తర్వాత గుడ్డు తొందరగా పాడవుతుంది.

అలవాటు చెయ్యడం

పిల్లపెట్ట గుడ్డుకి రావడానికి మూడు నాలుగు వారాల ముందే పెట్టె సిద్ధంగా ఉండాలి. తలజుట్టు ఎర్రబడి, మీరు వీపు మీద చెయ్యి వేస్తే కింద కూర్చుండిపోతుంటే రోజులు దగ్గరపడ్డాయన్నమాట. ఒక్కో అరలో ఒక ఉత్తుత్తి గుడ్డు పెట్టండి. చెక్కతో చెక్కినది, పింగ్‌పాంగ్ బంతి, వంశధారలోనో నాగావళిలోనో ఏరుకొచ్చిన నున్నటి తెల్లరాయి, ఏదైనా. ముందే ఎవరో పెట్టిన చోటు భద్రమైనదని పెట్టకి నమ్మకం.

పాత చోటుకి అలవాటుపడ్డ పెట్టని వదిలించడానికి ఆ చోటు మూసెయ్యాలి, కట్టెలు సర్దేయాలి. వారం పది రోజులపాటు పొద్దున్న పది గంటల దాకా గూటిలోంచి వదలకండి, తిండి నీళ్లు లోపలే పెట్టండి. పెట్టెలో రెండు మూడుసార్లు గుడ్డు పెట్టిందంటే తర్వాత మీరు చెప్పక్కర్లేదు. అది లోపలున్నప్పుడు మూతెత్తి చూడటం, పిల్లల్ని చూడనివ్వడం మానండి. ఒక్కసారి బెదిరితే మళ్లీ మొదటికొస్తుంది.

గుడ్లు రోజుకి రెండుసార్లు తీయండి, ఎండాకాలం మూడుసార్లు. పెంకు పలచగా వస్తుంటే ఆల్చిప్పలు పొడిచేసి విడిగా ఓ చిప్పలో పెట్టండి. కళింగపట్నం, భావనపాడు వైపు వాళ్లకి తీరంలోనే దొరుకుతాయి. పలచటి పెంకు పగిలితేనే కోడి గుడ్డు రుచి మరుగుతుంది. మరిగిన కోడి ఉంటే ఆ అరలో అడుగు చెక్కని అడుగుకి అంగుళం వాలుగా వెనక్కి పెట్టి, గుడ్డు దొర్లి ఒక సందు గుండా అవతలి తొట్టిలో పడేలా చెయ్యాలి. గుడ్డు కనపడకపోతే పొడవదు.

చెయ్యి పెట్టేముందు

చీకటిగా, పొడిగా, ఎలకల వాసనతో ఉన్న పెట్టె పాముకీ నచ్చుతుంది. నాగుపాము గుడ్ల కోసం, కోడిపిల్లల కోసం వస్తుంది. అందుకే నోట్లోంచి చెయ్యి దూర్చి తడిమే అలవాటు వద్దు. మూత ఎత్తండి, టార్చి వేసి చూడండి, చిన్న కర్రతో గడ్డి కదపండి, అప్పుడు తీయండి. గుడ్లు తెమ్మని పిల్లల్ని చీకటి పడ్డాక పంపకండి. కాటు పడితే కట్టులూ మంత్రాలూ మాని, కదలకుండా ఉంచి, వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

గూటి చుట్టూ అరంగుళం కంతల ఇనప మెష్ కొట్టి, అడుగున అడుగు మేర భూమిలోకి దించితే ముంగిసలు, పందికొక్కులు తవ్వి రాలేవు. కోళ్ల వల అని అమ్మే పెద్ద కంతల వల కోడిని బయటికి పోకుండా ఆపుతుంది, పాముని ఆపదు. ఎర్రచీమలు ఎక్కకుండా పెట్టె గుంజలకి నేల దగ్గర నీళ్ల చిప్పలు కట్టొచ్చు.

పేలు పగలు కనపడవు. చెక్క సందుల్లో దాక్కుని రాత్రి కోడి రక్తం తాగుతాయి. రాత్రి టార్చి వేసి, తెల్లగుడ్డ ఒకటి సందుల వెంట రుద్ది చూడండి. గుడ్డ మీద ఎర్రమరక పడితే పేలున్నట్టే. పెట్టె విప్పి, మరుగుతున్న నీళ్లు సందుల్లో పోసి, రెండు రోజులు ఎండలో పడేసి, సున్నం కొట్టి బిగించండి. గుడ్లలోంచి కొత్తవి పుడతాయి కాబట్టి వారం తర్వాత మళ్లీ చెయ్యాలి. మామూలు రోజుల్లో గడ్డి కింద పొయ్యి బూడిద చల్లి, కాస్త ఎండు వేపాకు, వావిలాకు వేయడం మన పెద్దవాళ్లు చేసేదే.

పొదుగుకి వచ్చిన పెట్ట

పెట్ట అరలోంచి లేవకుండా, ఈకలు ఉబ్బించి, చెయ్యి పెడితే పొడుస్తూ గుర్రుమంటే పొదుగుకి వచ్చింది. దాన్ని అక్కడే వదిలితే మిగతావి దాని మీదే గుడ్లు పెట్టిపోతాయి, ఏ గుడ్డు ఎప్పటిదో తెలియదు. చీకటి పడ్డాక మెల్లగా ఎత్తి, వేరే మూల సిద్ధం చేసిన తట్టలో కూర్చోబెట్టండి. తట్టలో ఇసుక, ఇసుక మీద గడ్డి. వేసవిలో అయితే ఇసుకని అప్పుడప్పుడు కొంచెం తడపండి, గుడ్లకి చెమ్మ అందుతుంది.

వారంలోపు పెట్టిన గుడ్లే, మధ్యరకం సైజువి, పది పన్నెండు పెట్టండి. ఎక్కువ పెడితే అంచున ఉన్నవి వెచ్చబడవు. రోజుకోసారి పెట్ట లేచి తిని, తాగి, ఒళ్లు దులుపుకుని పావుగంట ఇరవై నిమిషాల్లో వస్తుంది. తిండి, నీళ్లు దగ్గరే ఉండాలి. ఏడో రోజు రాత్రి గుడ్డుని టార్చి మీద పెట్టి చూస్తే సన్నటి ఎర్ర నరాలు కనపడతాయి. నరాలు లేకుండా తేటగా ఉన్నవాటిని తీసేయండి. 21వ రోజుకి పిల్లలు దిగుతాయి. పెంకు పగలడానికి గంటలు పడుతుంది, చేత్తో ఒలిచి సాయం చెయ్యబోకండి.

పిల్లలు వద్దనుకుంటే పొదుగు మాన్పించడానికి ముక్కులో ఈక గుచ్చడం, చన్నీళ్లలో ముంచడం చేస్తారు కొందరు. అది హింస, దయచేసి చెయ్యకండి. అడుగున మెష్ ఉన్న పంజరంలో, గడ్డి లేకుండా, వెలుతురు, గాలి ఉన్నచోట తిండీ నీళ్లూ ఇచ్చి మూడు నాలుగు రోజులు ఉంచితే ఒంటి వేడి దిగి తనంతట తనే మామూలవుతుంది.

పిల్లలు దిగాక పెంకులు, గడ్డి, ఇసుక అన్నీ తీసేయండి. తట్టకి పేలు పట్టి ఉంటే దాన్నీ గడ్డితో పాటే కాల్చేయండి, లేదంటే ఎండలో వేసి దాచుకోండి. ఇంకో పెట్టని అదే పరుపు మీద కూర్చోబెట్టొద్దు.